ఎలక్ట్రిక్ గిటార్ చేతికి లొంగాలంటే: నెక్ చేసే పని ఎంత, సెటప్ చేసే పని ఎంత

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఏడాది తయారీ. రెండు గిటార్లు పక్కపక్కన పెట్టుకుని వాయిస్తే ఒకటి ఇట్టే చేతికి లొంగుతుంది, రెండోది మొరాయిస్తుంది. దానికి ఎక్కువగా వినిపించే కారణం ఒకటే: దీని నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగం) బాగుంది, దాని నెక్ బాగాలేదు. నిజానికి ఆ రెండు నెక్‌లూ ఒకే యంత్రం మీద ఒకే కొలతలతో చెక్కినవే కావచ్చు. తేడా చాలాసార్లు నట్ (నెక్ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) గాడి లోతులోనో, నెక్ వంపులోనో, తీగల ఎత్తులోనో ఉంటుంది. అది కూడా అర మిల్లీమీటరు మించని తేడా.

వాయించడానికి సులువు అని మనం ఒక్క మాటలో తేల్చేసేదాని వెనక రెండు రకాల సంగతులున్నాయి. స్కేల్ లెంగ్త్, నెక్ వెడల్పు, మందం, ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లు అనే లోహపు మెట్లు బిగించిన నెక్ పైపలక) గుండ్రం అనేవి గిటార్ తయారైన రోజే ఖరారైపోతాయి. రిలీఫ్ (నెక్‌కు ఉండే కొద్దిపాటి వంపు), నట్ లోతు, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు), ఇంటోనేషన్ (ఏ ఫ్రెట్ దగ్గర నొక్కినా స్వరం సరిగ్గా పలకడం) అనేవి ఎప్పటికప్పుడు సరిచేసుకునేవి, వాటిని సరిచేయడాన్నే సెటప్ అంటారు. మొదటివి హద్దులు గీస్తాయి, ఆ హద్దుల్లో గిటార్ ఎంత బాగా పలుకుతుందో రెండోవి తేలుస్తాయి. చేతికి తగిలే కష్టంలో పెద్ద వాటా రెండో రకానిదే. నింద మాత్రం మొదటిదాని మీద పడుతుంది. గంటసేపు సెటప్ చేస్తే దారికొచ్చే గిటార్లు అమ్ముడుపోవడానికీ, నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లు నా వేళ్లు ఇందుకు పనికిరావని మానేయడానికీ ఈ పొరపాటే కారణం. అందులోనూ రెండోది చాలా బాధాకరం.

ముందు మార్చలేని వాటి సంగతి. స్కేల్ లెంగ్త్ అంటే నట్ నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగల రెండో కొసను మోసే భాగం) మీది శాడిల్ అనే ముక్క దాకా తీగ మోగే పొడవు. ఫెండర్ స్ట్రాటొకాస్టర్, టెలికాస్టర్‌లలో ఇది 25.5 అంగుళాలు, అంటే సుమారు 648 మిల్లీమీటర్లు. గిబ్సన్ లెస్ పాల్‌కు 24.75 అంగుళాలని చెబుతారు. పీఆర్ఎస్ గిటార్లు ఎక్కువగా ఈ రెండింటికీ మధ్యన 25 దగ్గర ఉంటాయి. ఒకే మందం తీగను ఒకే శ్రుతికి బిగించాలంటే కావలసిన టెన్షన్, పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి 24.75 నుంచి 25.5కు పొడవు మూడు శాతమే పెరిగినా టెన్షన్ ఆరు శాతం పెరుగుతుంది. పొట్టి స్కేల్ గిటార్ మెత్తగా అనిపించడానికి ఇదే కారణం. నట్ నుంచి మొదటి ఫ్రెట్ దాకా దూరం కూడా పొడవు స్కేల్ మీద 36.4 మిల్లీమీటర్లయితే పొట్టి దాని మీద 35.3 ఉంటుంది. చిన్న చేతులున్నవాళ్లకు నాలుగు ఫ్రెట్లు చాచి పట్టుకునేటప్పుడు ఆ మిల్లీమీటరు తేడా కలిసి కలిసి తెలుస్తుంది.

అయితే ఆ ఆరు శాతాన్ని తీగల గేజ్, అంటే మందం పక్కన పెట్టి చూడాలి. 25.5 అంగుళాల స్కేల్ మీద మామూలు శ్రుతిలో 10-46 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న తీగ 10, లావు తీగ 46) ఆరు తీగలూ కలిసి నెక్‌ను సుమారు 47 కిలోల బలంతో లాగుతాయి. 9-42 సెట్ అయితే 39 కిలోల దగ్గర ఆగుతుంది. అంటే ఒక్క సెట్ మార్చితే దాదాపు 17 శాతం తగ్గింది. గిటార్ మార్చితే వచ్చే తేడాకు ఇది దాదాపు మూడింతలు. లెస్ పాల్ మెత్తదనం కోసం గిటార్ మార్చాలనుకునేవాళ్లు ముందుగా ఒక ప్యాకెట్ తీగలు మార్చి చూడటం మంచిది.

బెండ్ చేసేటప్పుడు ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తీగను లాగి రెండు ఫ్రెట్ల స్వరం పైకి తీసుకెళ్లాలంటే దాని టెన్షన్ 26 శాతం పెంచాలి. 10 గేజ్ మొదటి తీగ (అన్నిటికంటే సన్నది) మీద మామూలుగా 7.3 కిలోల లాగుడు ఉంటే, బెండ్ పైకొసలో అది 9.2 కిలోలవుతుంది. మొదట ఉన్న టెన్షన్ ఎంత ఎక్కువైతే వేలు తోయాల్సిన బలమూ అంత పెరుగుతుంది. బ్లాక్ సబ్బత్ గిటారిస్ట్ టోనీ ఐయోమీ 1965లో ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాక చేసింది ఈ లెక్కను తనవైపు తిప్పుకోవడమే: బాగా పలచని తీగలు, ఆ తర్వాత కాలంలో కిందికి దింపిన శ్రుతి. మరోవైపు బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ 13 గేజ్ తీగలు వాడాడని అందరూ ఆశ్చర్యంగా చెప్పుకుంటారు. ఆయన గిటార్‌ను అర స్వరం కిందికి శ్రుతి చేసేవాడన్న సంగతి మాత్రం ఆ కథలో తరచూ జారిపోతుంది. అర స్వరం దిగితే టెన్షన్ పదకొండు శాతం తగ్గుతుంది.

నెక్ ఆకారం గురించి జరిగే చర్చంతా మందం చుట్టూ తిరుగుతుంది. అడ్డుకోత చూస్తే కనిపించే రూపాన్ని బట్టి సీ, డీ, వీ, యూ అని పేర్లు పెట్టారు. గిబ్సన్ 1950ల నెక్‌లు అరచేతిని నింపేంత మందంగా ఉండేవి, 1960లో బాగా పలచబడ్డాయి. ఐబనేజ్ విజార్డ్ తరహా నెక్‌లు మొదటి ఫ్రెట్ దగ్గర 19 మిల్లీమీటర్ల లోపే. నెక్ ఎంత పలచనైతే అంత వేగం అన్నది మాత్రం సగమే నిజం. బొటనవేలు నెక్ వెనక మధ్యలో పెట్టి వాయించేవాళ్లకు పలచని నెక్ వేళ్ల చాపు పెంచుతుంది, అది నిజమే. బొటనవేలు పైకి చుట్టి బ్లూస్ బెండ్లు చేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు అరచేయి నెక్‌కు ఆనాలి, ఆ ఆనిక మీదే మణికట్టు తిరుగుతుంది. మరీ పలచని నెక్ మీద ఆ ఆనిక దొరక్క బొటనవేలు గట్టిగా నొక్కుతూ ఉంటుంది, గంటయ్యేసరికి దాని మొదలు దగ్గర కండరం నొప్పెడుతుంది. పలచని నెక్ కొన్నాక చేయి తొందరగా అలసిపోతోందంటే అందులో వింతేమీ లేదు.

నట్ దగ్గర వెడల్పు ఫెండర్ మీద 42, గిబ్సన్ మీద 43 మిల్లీమీటర్లు. ఆ ఒక మిల్లీమీటరు తేడాను ఆరు తీగల మధ్య ఐదు సందులకు పంచితే ఒక్కో సందుకు 0.2 మిల్లీమీటర్లే వస్తుంది. ఓపెన్ కార్డ్‌లో (కొన్ని తీగలు నొక్కకుండా వదిలి, అన్నీ కలిపి మోగించే స్వరాల గుంపులో) పక్క తీగకు వేలు తగిలి మూగబోయే వాళ్లకు అది కూడా ఎంతో కొంత సాయమే. ఇంతకన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మొదటి తీగ నెక్ అంచుకు మరీ దగ్గరగా ఉండటం. వైబ్రాటో (తీగను ఊపి స్వరాన్ని వణికించడం) చేస్తుంటే తీగ అంచు దాటి కిందికి జారిపోతుంది. బోల్టులతో బిగించిన నెక్ అయితే తీగలు వదులు చేసి, బోల్టులు కొంచెం సడలించి, నెక్‌ను వెంట్రుకవాసి పక్కకు జరిపితే చాలాసార్లు ఇది పోతుంది.

ఫ్రెట్‌బోర్డ్ గుండ్రాన్ని రేడియస్‌తో చెబుతారు. పాత ఫెండర్‌లు 7.25 అంగుళాలు, కొత్తవి ఎక్కువగా 9.5, గిబ్సన్ 12, మెటల్ వాయించేవాళ్లకోసం చేసినవి 16 దాకా వెళతాయి. అంకె చిన్నదైతే గుండ్రం ఎక్కువ. మధ్య గీత నుంచి 20 మిల్లీమీటర్లు పక్కకు వెళితే 7.25 రేడియస్ బోర్డు మధ్యకంటే 1.1 మిల్లీమీటర్లు కిందికి ఉంటుంది. 12 మీద అది 0.65, 16 మీద అర మిల్లీమీటరు. ఇప్పుడు మొదటి తీగను బెండ్ చేస్తూ మధ్యకు తోస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. తీగ రెండో కొస పక్కన, కింద ఉన్న శాడిల్ మీదే ఉంది. దారిలో ఉన్న ఫ్రెట్లు మాత్రం మధ్యకు వచ్చేకొద్దీ పైకి లేస్తున్నాయి. యాక్షన్ బాగా తక్కువుంటే తీగ పై ఫ్రెట్‌కు తగిలి స్వరం చటుక్కున చచ్చిపోతుంది. ఇది నెక్ లోపం కాదు, ఆ గుండ్రానికి తగనంత కిందికి తీగలు దింపిన ఫలితం. అదే గుండ్రం మొదటి ఫ్రెట్ల దగ్గర బార్ కార్డ్ (ఒకే వేలిని తీగలన్నిటికీ అడ్డంగా నొక్కే కార్డ్) పట్టేటప్పుడు వేలి వంపుకు సరిపోయి హాయిగా ఉంటుంది. ఈ రెంటినీ కలపడానికే కొందరు తయారీదారులు నట్ దగ్గర 10, చివరి ఫ్రెట్ దగ్గర 16 అన్నట్టు గుండ్రం క్రమంగా తగ్గే కాంపౌండ్ రేడియస్ చేస్తున్నారు. గిటార్ నెక్‌లో వచ్చిన మార్పుల్లో నిజంగా సమస్యను తీర్చిన వాటిలో ఇదొకటి.

ఫ్రెట్ ఎత్తు గురించి తక్కువ మాట్లాడుకుంటారు కానీ చేతికి వెంటనే తెలిసేది అదే. 1.1 మిల్లీమీటర్ల పాత తరహా ఫ్రెట్ మీద వేలి కొస చెక్కకు రాసుకుంటుంది. 1.4 మిల్లీమీటర్ల జంబో ఫ్రెట్ మీద ఆ రాపిడి బాగా తగ్గుతుంది, వేలు తీగ కిందికి దూరి పట్టు దొరుకుతుంది, బెండ్ తేలికవుతుంది. చెక్కను లోపలికి తొలిచే స్కాలప్ నెక్ ఈ ఆలోచనకే చివరి మెట్టు. ఇంగ్వే మాల్మ్‌స్టీన్ గిటార్లు దానికి పేరుమోశాయి, 1970లలో శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ వాడిన గిటార్‌కూ అలాంటి నెక్కే. వీణ మెట్ల మీద గమకం పలికించే చేయి చేసే పనీ ఇలాంటిదే: మైనం మీద ఎత్తుగా నిలిచిన మెట్ల మధ్య వేలికి అడ్డు ఏదీ ఉండదు. కాకపోతే ఎత్తైన ఫ్రెట్ల మీద గట్టిగా నొక్కే అలవాటున్నవాళ్లకు ఒక చిక్కుంది. తీగ చెక్క వైపు సాగి స్వరం పైకి పోతుంది, ట్యూనర్ సరిగ్గా చూపించిన గిటార్ కార్డ్ పట్టగానే అపశ్రుతి పలుకుతుంది.

ఇక సెటప్. ఇందులో మొదటి మాట రిలీఫ్. నలభై ఏడు కిలోల లాగుడుకు నెక్ ముందుకు వంగుతుంది, ఆ వంపును ఎదురు లాగడానికి లోపల ఉక్కు ట్రస్ రాడ్ ఉంటుంది. గిబ్సన్‌లో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేరిట సర్దుబాటు చేసుకోగల ట్రస్ రాడ్‌కు 1923లో పేటెంట్ వచ్చింది. నెక్ పూర్తిగా తిన్నగా ఉండాలని చాలామంది అనుకుంటారు, ఉండకూడదు. మోగే తీగ మధ్యలో ఎక్కువగా ఊగుతుంది, ఆ ఊపుకు చోటివ్వడానికి కొద్దిగా ముందుకు వంపు కావాలి. మొదటి ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ నొక్కి ఉంచే బిగింపు) పెట్టి, నెక్ బాడీలో కలిసే చోట తీగను నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ మీద సందును ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులు కొలిచే రేకులతో) కొలుస్తారు. ఫెండర్ చెప్పే అంకెలు 7.25 రేడియస్‌కు 0.3 మిల్లీమీటర్లు, 9.5 నుంచి 12 దాకా 0.25, అంతకంటే చదును బోర్డులకు 0.2.

ట్రస్ రాడ్‌కు సంబంధించి అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు దాన్ని యాక్షన్ తగ్గించే మీటగా వాడటం. రాడ్ బిగిస్తే తీగలు కిందికి దిగిన మాట నిజమే. కానీ దాని పని దాదాపుగా నట్‌కూ పన్నెండో ఫ్రెట్‌కూ మధ్యనే. పైన పదిహేనో ఫ్రెట్ దగ్గర తీగలు ఎత్తుగా ఉన్నాయని రాడ్ బిగిస్తే అక్కడ మారేది కొంచెమే, కింద మొదటి ఐదు ఫ్రెట్లలో మాత్రం బజ్ (తీగ ఫ్రెట్‌కు తగిలి గరగరలాడటం) మొదలవుతుంది. ఆ బజ్ పోగొట్టడానికి బ్రిడ్జ్ ఎత్తుతారు, మళ్లీ యాక్షన్ పెరుగుతుంది. ఇలా రెండు మూడు చుట్లు తిరిగేసరికి గిటార్ మొదటికంటే అధ్వానంగా తయారవుతుంది. రాడ్‌ను ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకుండా, ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేసి కొలిచి చూడాలి.

నట్ గురించి ఇంకొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్తగా నేర్చుకునేవాళ్ల కష్టమంతా అక్కడే పేరుకుని ఉంటుంది, అది ఎవరికీ కనిపించదు. తీగను మధ్యలో ఎక్కడ నొక్కినా అది సులువుగా వంగుతుంది. కదలని కొసకు దగ్గరగా నొక్కితే అదే ఎత్తు దించడానికి చాలా ఎక్కువ బలం కావాలి. మొదటి ఫ్రెట్ నట్‌కు 36 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి నట్ స్లాట్ కాస్త ఎత్తుగా ఉన్నా ఆ బరువంతా అక్కడే పడుతుంది. ఎఫ్ బార్ కార్డ్ రాక నెలల తరబడి ఇబ్బంది పడేవాళ్లలో చాలామందికి అడ్డుపడేది సాధన కొరతో వేళ్ల బలహీనతో కాదు, ఫ్యాక్టరీలో లోతుగా కోయకుండా వదిలేసిన నట్. అదే ఆకారాన్ని ఐదో ఫ్రెట్ దగ్గర పట్టి చూస్తే తేలిపోతుంది. అక్కడ హాయిగా పలికి మొదటి ఫ్రెట్ దగ్గర పలకకపోతే ముందుగా నట్‌ను అనుమానించాలి. ఇంకో పరీక్ష: తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడాలి. కాగితం మందం, అంటే 0.1 మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటే సరిపోతుంది. అట్టముక్క దూరేంత సందుంటే నట్ ఎత్తుగా ఉన్నట్టే. ఎత్తైన నట్ చేసే రెండో హాని ఓపెన్ కార్డ్‌లలో వినిపిస్తుంది. మొదటి రెండు ఫ్రెట్ల మీద నొక్కిన స్వరాలన్నీ పైకి పోతాయి, నొక్కని తీగలు సరిగ్గా ఉంటాయి, కార్డ్ మొత్తం అపశ్రుతిగా వినిపిస్తుంది. ఎంతసేపు శ్రుతి చేసినా అది కుదరదు.

ఫ్యాక్టరీలు నట్‌ను ఎత్తుగా వదలడం వెనక అర్థం ఉంది. లోతు ఎక్కువైతే ఖాళీ తీగ మొదటి ఫ్రెట్‌కు తగిలి బజ్ అవుతుంది, ఇక నట్ మార్చాల్సిందే. మిగతా సెటప్ పనులన్నీ వెనక్కి తిప్పుకోగలిగినవి, ఆకురాయితో తీసేసిన నట్‌ను మాత్రం తిరిగి తేలేం. అందుకే తక్కినవన్నీ ఇంట్లో నేర్చుకుని చేసుకున్నా ఈ ఒక్కటి చేయి తిరిగినవాళ్లకు అప్పగించడం నయం. మందం తీగలకు మారినప్పుడు స్లాట్‌లో తీగ ఇరుక్కోవడం ఇంకో సంగతి. శ్రుతి చేస్తుంటే టిక్కుమని శబ్దం వచ్చి స్వరం ఒక్కసారిగా గెంతితే అదే కారణం. స్లాట్‌లో పెన్సిల్ గ్రాఫైట్ రాస్తే కొన్నాళ్లపాటు సర్దుకుంటుంది.

రిలీఫ్, నట్ కుదిరాకే యాక్షన్. ఫెండర్ దీన్ని పదిహేడో ఫ్రెట్ మీద కొలుస్తుంది: 9.5 నుంచి 12 రేడియస్‌కు 1.6 మిల్లీమీటర్లు, 7.25 అయితే లావు తీగ వైపు 2.0. గిబ్సన్ పన్నెండో ఫ్రెట్ మీద లావు వైపు 2.0, సన్న వైపు 1.2 దగ్గర పెడుతుంది. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు, అంతే. వీలైనంత కిందికి దించడమే మంచి సెటప్ అన్న నమ్మకం బలంగా నాటుకుపోయింది, దాన్ని ప్రశ్నించడం అవసరం. పిక్‌తో గట్టిగా కొట్టేవాళ్లకు ఒక మిల్లీమీటరు యాక్షన్ మీద తీగ ఊగడానికి చోటే ఉండదు, శబ్దం చప్పబడి తొందరగా ఆగిపోతుంది. బెండ్‌లకు ఇంకా ఇబ్బంది. తీగ మరీ కింద ఉంటే వేలు దాని పక్కకు చేరి తోయలేదు, మీద నుంచి జారి పక్క తీగ కిందికి వెళ్లిపోతుంది. కొంచెం ఎత్తు పెంచగానే బెండ్ తేలికైందని ఆశ్చర్యపోయేవాళ్లు చాలామందే ఉంటారు.

బజ్ ఎక్కడ వస్తోందన్నది దాని కారణాన్ని చెబుతుంది. ఖాళీ తీగ మీద మాత్రమే వస్తే నట్. మొదటి ఐదు ఫ్రెట్లలో వస్తే రిలీఫ్ తక్కువైనట్టు. పన్నెండు దాటాక వస్తే యాక్షన్ తక్కువ, లేదా నెక్ బాడీలో కలిసేచోట చెక్క ఉబ్బెత్తయింది. ఒక్క ఫ్రెట్ దగ్గరే వస్తే దాని తర్వాతి ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు, దానికి ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు, ఫ్రెట్లు సమం చేయించాలి. ప్లగ్ తీసేసి వింటే వినిపించే కొద్దిపాటి గరగర యాంప్‌లో వినిపించకపోతే దాని గురించి బెంగపడాల్సిన పని లేదు.

ట్రెమెలో బ్రిడ్జ్ (స్వరాన్ని ఊపడానికి మీటతో కదిలించే బ్రిడ్జ్) ఉన్న గిటార్లలో ఇదంతా ఒక మెట్టు కష్టమవుతుంది. తీగల లాగుడుకూ వెనక స్ప్రింగుల లాగుడుకూ మధ్య తూకంలో ఆ బ్రిడ్జ్ నిలబడి ఉంటుంది. 9 నుంచి 10 గేజ్‌కు మారగానే అది ముందుకు లేస్తుంది, యాక్షన్ పెరుగుతుంది, నెక్ కూడా కాస్త వంగుతుంది. తీగలు మార్చాక గిటార్ గట్టిపడిందని అనిపిస్తే అందులో తీగల వాటా కొంతే, మిగతాది ఈ కదిలిన తూకానిది.

ఇంటోనేషన్ చివరికి మిగలడానికి కారణం పైవన్నీ దాన్ని మారుస్తాయి కాబట్టి. కొత్త తీగలతో, వాయించే భంగిమలో గిటార్ పట్టుకుని, పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా తాకి పలికించే స్వరాన్నీ) నొక్కిన స్వరాన్నీ పోల్చి చూడాలి. నొక్కిన స్వరం పైకి ఉంటే శాడిల్ వెనక్కి, కిందికి ఉంటే ముందుకు జరపాలి. ఎంత జరిపినా లావు తీగ కుదరకపోతే పికప్ (తీగ కదలికను పట్టే అయస్కాంత పరికరం) ఎత్తు చూడాలి. స్ట్రాటొకాస్టర్ లాంటి సింగిల్ కాయిల్ గిటార్లలో పికప్ అయస్కాంతం తీగకు మరీ దగ్గరైతే దాన్ని తనవైపు లాగి స్వరాన్ని వణికిస్తుంది. శాడిల్‌తో గంటలు కుస్తీ పట్టే ముందు పికప్‌ను ఒక మిల్లీమీటరు దించి చూడటం ఎంతో మేలు.

సెటప్ ఒకసారి చేసి మరిచిపోయేది కాదు. గాలిలో తేమ మారితే నెక్ చెక్క కదులుతుంది. పొడి వాతావరణంలో ఫ్రెట్‌బోర్డ్ కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు అంచుల్లో చేతికి గీసుకుంటాయి, వంపూ మారుతుంది. ఏడాదిలో ఒకటి రెండుసార్లు రిలీఫ్ కొలిచి పావు చుట్టు సర్దడం మామూలే.

సెటప్‌తో ఏమాత్రం బాగుపడని గిటార్లూ ఉంటాయి, పాతది కొనేటప్పుడు అవి ముందే తెలియాలి. హెడ్‌స్టాక్ వైపు నుంచి నెక్ వెంబడి ఒక కన్నుతో చూస్తే లావు తీగ వైపు అంచూ సన్న తీగ వైపు అంచూ ఒకేలా సాగాలి. ఒకటి లేస్తూ ఇంకొకటి దిగుతూ ఉంటే నెక్ మెలి తిరిగినట్టు, ట్రస్ రాడ్ దాన్ని సరిచేయలేదు. ట్రస్ రాడ్ ఇప్పటికే చివరిదాకా బిగించి ఉండి కూడా నెక్ ముందుకే వంగి ఉన్నా అంతే. శాడిల్స్ పూర్తిగా కిందికి దించినా తీగలు ఎత్తుగానే ఉంటే మాత్రం ఆశ వదులుకోనక్కర్లేదు. బోల్టుల నెక్ అయితే దాని మడమ కింద షిమ్ అనే పలచని ముక్క పెట్టి కోణం మార్చవచ్చు, అతికించిన నెక్ అయితే అదే పనికి నెక్‌ను ఊడదీసి మళ్లీ అమర్చాలి, గిటార్ విలువను బట్టే అది చేయించాలో లేదో నిర్ణయించుకోవాలి.